వెబ్ హోస్టింగ్: నెలకు 99 రూపాయలకే వెబ్‌సైట్ అంటే కొనేస్తున్నారా? తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూశారా?

బేగంపేటలో ఓ చిన్న బొటిక్ ఉందనుకుందాం. గ్రీన్‌ల్యాండ్స్ దాటాక ఓ సందులో షాపు. నాలుగేళ్ల కిందట తెలిసిన కుర్రాడొకరు వెబ్‌సైట్ చేసిపెట్టాడు. షాపు పేరుతో అడ్రస్, పది పన్నెండు ఫొటోలు, కింద ఒక వాట్సాప్ బటన్. బాగానే నడిచింది. ఓ రోజు పొద్దున్నే పాత కస్టమర్ ఫోన్ చేసి, "మేడమ్, మీ సైట్ ఓపెన్ చేస్తే ఏవో యాడ్స్ వస్తున్నాయి" అన్నారు. కుర్రాడికి ఫోన్ చేస్తే నంబర్ పనిచేయట్లేదు. పాస్‌వర్డ్ తెలీదు. ఏ కంపెనీలో కొన్నాడో తెలీదు. బిల్లు ఎవరి మెయిల్‌కి వస్తుందో కూడా తెలీదు. షాపు బోర్డు మీద, విజిటింగ్ కార్డుల మీద, వెయ్యి క్యారీ బ్యాగుల మీద అచ్చేయించిన అడ్రస్ మాత్రం అదే.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ సొంత సైట్ ఉన్న చిన్న వ్యాపారులు ఎవరైనా ఒక్కసారి ఆగి ఆలోచించాల్సిన ఉదాహరణ. వెబ్‌సైట్ పోవడానికి పెద్ద హ్యాకరే రానక్కర్లేదు.. ఒక్క రెన్యువల్ మెయిల్ ఎవరూ చూడకపోతే చాలు. అందుకే కొత్తగా హోస్టింగ్ తీసుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఎన్ని జీబీ స్పేస్ ఇస్తున్నారని కాదు. ఏది ఎవరి పేరు మీద ఉంది, సైట్ పోతే మళ్లీ నిలబెట్టడానికి మన దగ్గర ఏం మిగులుతుంది.. ఈ రెండూ!

అసలు కొంటున్నది ఏంటి?

"వెబ్‌సైట్ ప్యాకేజీ" అని ఒకే బిల్లులో ఇచ్చేస్తారు కానీ, అందులో రెండు వేర్వేరు వస్తువులు ఉంటాయి. ఒకటి డొమైన్.. అంటే షాపు పేరు, బోర్డు. రెండోది హోస్టింగ్.. అంటే సరుకు పెట్టుకునే గది. ఫొటోలు, పేజీలు, కస్టమర్ల వివరాలు అన్నీ ఆ గదిలో ఉంటాయి. గది అంటే ఎక్కడో డేటా సెంటర్‌లో 24 గంటలూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్, లేదా అందులో ఒక ముక్క. ఫలానా బోర్డు ఫలానా గదిదే అని చెప్పే చిరునామా పుస్తకం ఒకటి ఉంటుంది, దాన్నే డీఎన్‌ఎస్ అంటారు.

ఈ తేడా తెలిస్తే సగం భయం పోతుంది. హోస్టింగ్ కంపెనీ నచ్చకపోతే గది మార్చుకోవచ్చు. సామాను వేరే కంపెనీకి తరలించి, డీఎన్‌ఎస్‌లో చిరునామా మారిస్తే కస్టమర్‌కి తేడా కూడా తెలీదు. కానీ బోర్డు చేజారితే? ఎంత మంచి గది ఉన్నా ఎవరూ రారు. అందుకే డొమైన్, హోస్టింగ్ రెండూ ఒకే చోట ఉండాల్సిన రూలేమీ లేదు. వేర్వేరు కంపెనీల్లో పెట్టుకుంటే ఒకచోట గొడవైనా రెండోది మన చేతిలో ఉంటుంది. రెండు లాగిన్లు గుర్తుపెట్టుకోవాలి, అంతే ఇబ్బంది.

ఇంకో విషయం. డొమైన్‌ని "కొన్నాం" అంటాం కానీ అది సొంతం కాదు.. లీజు. ఏడాదికోసారి కట్టాలి. డాట్ కామ్ పేర్లన్నీ నడిపేది అమెరికాలోని వెరిసైన్ అనే కంపెనీ. మనకి అమ్మే రిజిస్ట్రార్ దగ్గర అది ఒక్కో పేరుకి ఏడాదికి 10.26 డాలర్లు వసూలు చేస్తుంది. 2024 సెప్టెంబర్ 1 నుంచి ఇదే రేటు. అంటే మన డబ్బుల్లో దాదాపు 900 రూపాయలు అసలు ధరే! మరి మొదటి ఏడాది 99కో, ఫ్రీగానో ఎలా ఇస్తున్నారు? ఆ నష్టం రెండో ఏడాది నుంచి మన దగ్గరే రాబడతారు. డాట్ ఇన్ పేర్లను మన దేశంలోని నిక్సీ అనే సంస్థ చూస్తుంది. రేటు కాస్త తక్కువ. ఇక్కడి కస్టమర్లే ఉన్న షాపుకి డాట్ ఇన్ చాలు.

డొమైన్ కొనేటప్పుడు రిజిస్ట్రంట్ అని ఒక కాలమ్ ఉంటుంది. అక్కడ వెబ్‌సైట్ చేసిచ్చే వ్యక్తి పేరు కాదు, ఓనర్ పేరు ఉండాలి. మెయిల్ ఐడీ కూడా ఓనర్‌దే ఉండాలి. గడువు తీరడానికి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఇంకోసారి గుర్తుచేయాలని డాట్ కామ్ లాంటి పేర్లకు ఐకాన్ నిబంధన ఉంది. రిజిస్ట్రార్లు ఆ మెయిల్స్ పంపుతారు కూడా. కాకపోతే అవి వెళ్లేది రిజిస్టర్ అయిన మెయిల్‌కి. మన బొటిక్ మేడమ్ విషయంలో ఆ మెయిల్స్ అన్నీ కుర్రాడి ఇన్‌బాక్స్‌లోనే పడి ఉన్నాయి.

ఆ సైట్ పేరుతోనే ఉన్న మెయిల్ ఐడీని కాంటాక్ట్‌గా ఇవ్వొద్దు. డొమైన్ ఆగిపోతే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది. తాళం చెవిని బీరువా లోపల పెట్టి తాళం వేసినట్టే!

అమీర్‌పేట హాస్టల్ లెక్కలో ప్లాన్లు

షేర్డ్, వీపీఎస్, క్లౌడ్, డెడికేటెడ్.. ప్లాన్ పేర్లు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. బేగంపేట పక్కనే ఉన్న అమీర్‌పేటలో రూమ్ వెతికినవాళ్లకి మాత్రం ఈజీగా అర్థమైపోతుంది.

షేర్డ్ హోస్టింగ్ అంటే ఫైవ్ షేరింగ్ హాస్టల్. ఒకే సర్వర్‌లో వందల సైట్లు ఉంటాయి. అద్దె తక్కువ, మెయింటెనెన్స్ వార్డెన్‌ది. కానీ పక్క బెడ్ వాడు గీజర్ మొత్తం వాడేస్తే మనకి చన్నీళ్లే. పక్క సైట్‌కి ఒక్కసారిగా జనం వస్తే మన సైట్ స్లో అయ్యేది అందుకే. వీపీఎస్ అంటే సింగిల్ పోర్షన్. మన వాటా మనది, ఎవరూ లాక్కోరు. కాకపోతే ట్యాప్ లీకైనా, ఫ్యూజ్ పోయినా మనమే చూసుకోవాలి. డెడికేటెడ్ అంటే ఇండిపెండెంట్ హౌస్.. మొదటిసారి సైట్ పెట్టేవాళ్లకి దాంతో పనిలేదు. క్లౌడ్ అంటే గంటల లెక్కన హోటల్ రూమ్. కావాల్సినప్పుడు పది రూములు తీసుకోవచ్చు, ఖాళీ చేయడం మర్చిపోతే బిల్లు తిరుగుతూనే ఉంటుంది.

నాలుగు పేజీల షాపు సైటో, చిన్న బ్లాగో అయితే షేర్డ్ హోస్టింగ్ సరిపోతుంది. మొహమాటపడక్కర్లేదు. "ఫ్యూచర్‌లో ట్రాఫిక్ పెరుగుతుంది కదా" అని వీపీఎస్ అంటగట్టేవాళ్లు ఉంటారు. వీపీఎస్ ఐపీ ఇంటర్నెట్‌లోకి వచ్చిన కాసేపటికే ప్రపంచంలో ఏదో మూల నుంచి ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్‌లు ట్రై చేయడం మొదలుపెడతాయి. లైనక్స్ కమాండ్లు, ఫైర్‌వాల్, అప్‌డేట్లు తెలియనివాళ్లు వీపీఎస్ తీసుకోవడమంటే తలుపులు తీసిపెట్టి ఊరెళ్లడమే. నేర్చుకోవాలనే పట్టుదల ఉంటే తీసుకోండి.. కానీ వ్యాపారం నడిచే సైట్ మీద కాదు, ఖాళీ సైట్ మీద ప్రయోగాలు చేయండి.

ఇక ప్లాన్ పేజీలో పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాలు చదవాలి. నెలకు 99 అని ఉంటుంది కానీ అది మూడేళ్లో నాలుగేళ్లో ఒకేసారి కడితేనే. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. గడువయ్యాక రెన్యువల్ రేటు రెండింతలో మూడింతలో ఉండొచ్చు. కాబట్టి పోల్చాల్సింది ఆఫర్ రేటు కాదు, రెన్యువల్ రేటు. అది పేజీలో దొరక్కపోతే కొనేముందే చాట్‌లో అడిగి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.

"అన్‌లిమిటెడ్" అనే మాట కూడా అంతే. స్పేస్ అన్‌లిమిటెడ్ అంటారు గానీ, ఐనోడ్ లిమిట్ అని వేరే పెడతారు. అంటే ఎన్ని ఫైళ్లు ఉండొచ్చో ఆ లెక్క. ప్రతి ఫొటో ఒక ఫైల్, ప్రతి మెయిల్ ఒక ఫైల్. పాత మెయిల్స్ డిలీట్ చేయకుండా పోగేస్తే, జీబీలు ఖాళీగా ఉన్నా సైట్‌లో కొత్త ఫొటో ఎక్కదు.

99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ అని ఉంటుంది. వినడానికి బాగుంది. లెక్కేస్తే ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు సైట్ ఆగినా వాళ్లు మాట తప్పినట్టు కాదు! 99 శాతమే అంటే మూడున్నర రోజులు. మాట తప్పితే ఇచ్చేది కూడా ఎక్కువగా ఆ నెల అద్దెలో కొంత తగ్గింపే, మీకు పోయిన అమ్మకాలు కాదు.

సర్వర్ హైదరాబాద్‌లో ఉంటే స్పీడ్ పెరుగుతుందా?

కొంత పెరుగుతుంది. ఇది సెంటిమెంట్ కాదు, ఫిజిక్స్. ఫైబర్ కేబుల్‌లో సిగ్నల్ సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అమెరికా తూర్పు తీరానికి వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. ముంబైకి అయితే అందులో పదో వంతు చాలు. ఒక పేజీ ఓపెన్ అవ్వాలంటే ఇలాంటి రాకపోకలు చాలాసార్లు జరగాలి. అన్నీ కలిసి ఫోన్‌లో ఆ తెల్ల స్క్రీన్ మీద కనిపించే ఆలస్యం అవుతాయి.

ఈ విషయంలో హైదరాబాద్‌కి ఇప్పుడు కొదవ లేదు. 2007లో ఇక్కడే మొదలైన కంట్రోల్‌ఎస్ దేశంలో పెద్ద డేటా సెంటర్ కంపెనీల్లో ఒకటి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్ 22న హైదరాబాద్ రీజియన్ ఓపెన్ చేసింది. దాని డేటా సెంటర్లు రంగారెడ్డి జిల్లా చందనవెల్లి లాంటి చోట్ల ఉన్నాయి. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ కూడా 15 ఏళ్లలో 15 వేల కోట్లతో హైదరాబాద్‌లో డేటా సెంటర్ రీజియన్ పెడతామని ప్రకటించింది. ఆ కంపెనీ సీఈఓ సత్య నాదెళ్ల చదువుకున్నది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లోనే.

ఇక్కడో చిన్న తిరకాసు ఉంది. అమెజాన్ అకౌంట్ తెరిచి హైదరాబాద్ కోసం వెతికితే వాడుకోవడానికి సిద్ధంగా కనిపించదు. 2019 మార్చి తర్వాత వచ్చిన రీజియన్లన్నీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి. అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎనేబుల్ చేసుకోవాలి. దాని కోడ్ ఏపీ-సౌత్-2. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ అనుకునేరు.. ఆసియా పసిఫిక్! ముంబైది ఏపీ-సౌత్-1, అది 2016 నుంచి ఉంది.

అయితే చౌక షేర్డ్ ప్లాన్ తీసుకుంటే సర్వర్ ఎక్కడుంటుందో ఆ కంపెనీ ఇష్టం. సైన్ అప్ చేసేటప్పుడు డేటా సెంటర్ లొకేషన్ అనే ఆప్షన్ వస్తే ఇండియా ఎంచుకోండి. హైదరాబాదే కావాలని పట్టుబట్టక్కర్లేదు, ముంబై అయినా కస్టమర్‌కి తేడా తెలీదు. సైట్ ఇప్పటికే అమెరికా సర్వర్‌లో ఉంటే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ ఫ్రీ ప్లాన్ పెట్టుకుంటే ఫొటోలు దగ్గరి సర్వర్ నుంచే వస్తాయి.

ఫ్రీ అనుకుంటే బిల్లొచ్చింది!

అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సులో చేరినవాళ్లు ప్రాక్టీస్ కోసం అమెజాన్ అకౌంట్ తెరుస్తారు. కార్డు వివరాలు ఇవ్వాలి. 2025 జూలై 15 నుంచి కొత్త అకౌంట్లకి రూల్ మారింది. సైన్ అప్‌కి 100 డాలర్ల క్రెడిట్, కొన్ని పనులు పూర్తిచేస్తే ఇంకో 100 వరకు ఇస్తారు. ఫ్రీ ప్లాన్ ఎంచుకుంటే ఆరు నెలలు లేదా క్రెడిట్ అయిపోయేవరకు.. ఏది ముందైతే అది. పాత యూట్యూబ్ వీడియోల్లో "ఏడాదంతా ఫ్రీ" అని చెబుతుంటారు, అవి చూసి మోసపోవద్దు.

సర్వర్ ఆపేశాం కదా అనుకున్నా డిస్క్ అద్దె తిరుగుతూనే ఉంటుంది. పబ్లిక్ ఐపీ అడ్రస్‌కి కూడా 2024 ఫిబ్రవరి 1 నుంచి గంటకి 0.005 డాలర్ల ఛార్జీ ఉంది. చిల్లరలా కనిపిస్తుంది కానీ నెలకి 300 రూపాయలు దాటుతుంది. కొన్ని షేర్డ్ ప్లాన్ల అద్దె కంటే ఎక్కువ! అకౌంట్ తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టాలి. అలర్ట్ మెయిల్ పంపుతుంది, సర్వర్‌ని మాత్రం ఆపదు. ఆ మెయిల్ చూసి మనమే వెళ్లి ఆపాలి.

అగ్గి పడ్డ రాత్రి

2021 మార్చి 10. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్‌లో అర్ధరాత్రి దాటాక మంటలు లేచాయి. ఎస్‌బీజీ2 అనే ఐదంతస్తుల బిల్డింగ్ పూర్తిగా కాలిపోయింది. నెట్‌క్రాఫ్ట్ సంస్థ లెక్క ప్రకారం 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. చాలామందికి సైట్లు మళ్లీ వచ్చాయి. కొంతమందికి ఏమీ మిగల్లేదు.

షాకింగ్ విషయం ఏంటంటే, డబ్బులు కట్టి మరీ బ్యాకప్ సర్వీస్ తీసుకున్నవాళ్లలో కొందరి బ్యాకప్ కూడా అదే బిల్డింగ్‌లో ఉంది. సర్వర్‌తో పాటు అదీ కాలిపోయింది. వాళ్లు కోర్టుకెక్కారు, 2023లో ఫ్రాన్స్ కోర్టు పరిహారం ఇవ్వాలని చెప్పింది. పరిహారం వచ్చింది, డేటా రాలేదు.

చిన్నవాళ్ల నిర్లక్ష్యం అనుకోవద్దు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలొచ్చి, ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల డేటా పోయింది. బయట ఎక్కడా బ్యాకప్ లేదు. టెక్నాలజీకి పెట్టింది పేరైన దేశం అది!

హోస్టింగ్ ప్యానెల్‌లో "డైలీ బ్యాకప్" అని టిక్ కనిపిస్తే సరిపోదన్నమాట. అది ఎక్కడ దాస్తున్నారు, ఎన్ని రోజులు ఉంచుతారు, తిరిగి ఇవ్వడానికి ఛార్జ్ ఉందా.. అడగాలి. కొన్ని కంపెనీల్లో బ్యాకప్ తీయడం ఫ్రీ, వెనక్కి పెట్టడానికి డబ్బులు! ఆ సమాధానాలు ఎలా ఉన్నా, ఇంకో కాపీ వేరే చోట మనమే పెట్టుకోవాలి. వర్డ్‌ప్రెస్ సైట్ అయితే వారానికోసారి గూగుల్ డ్రైవ్‌కి కాపీ పంపే ఫ్రీ ప్లగిన్లు ఉన్నాయి. ఫైళ్లతో పాటు డేటాబేస్ కూడా అందులో ఉందో లేదో చూడండి. ఫొటోలు ఫైళ్లలో ఉంటాయి, పేజీల్లోని రాతలూ ఆర్డర్లూ డేటాబేస్‌లో ఉంటాయి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే సగం సైటే.

షాపు కంప్యూటర్‌లో ఒక కాపీ ఉంది కదా అంటారు. బేగంపేట వాళ్లకి చెప్పక్కర్లేదు.. గట్టి వాన పడితే బ్రాహ్మణవాడి, ప్రకాశ్ నగర్ వైపు నాలా నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో. గ్రౌండ్ ఫ్లోర్‌లో టేబుల్ కింద పెట్టిన సీపీయూని బ్యాకప్ అనుకోలేం.

ఆరు నెలలకోసారి ఆ బ్యాకప్‌ని ఖాళీ చోట ఓపెన్ చేసి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ పనిచేస్తుందో లేదో సైట్ పోయిన రోజే తెలుస్తుంది.

నెలకి అరగంట చాలు

సైట్ పెట్టి వదిలేస్తే కుదరదు గానీ, రోజూ కూర్చోవాల్సిన పనీ కాదు. వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్ అప్‌డేట్లు చేయడం, వాడని ప్లగిన్లు తీసేయడం.. ప్రధానంగా ఇంతే. ప్రపంచంలో 40 శాతానికి పైగా సైట్లు వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి కాబట్టి దొంగల కళ్లు కూడా దాని మీదే. దారి దొరికేది ఎక్కువగా పాత ప్లగిన్లలోనే. ఫ్రీగా వస్తోందని క్రాక్ చేసిన థీమ్ పెట్టుకుంటే దొంగని మనమే పిలిచినట్టు.

హోస్టింగ్ అకౌంట్‌కి, డొమైన్ అకౌంట్‌కి టూ ఫ్యాక్టర్ లాగిన్ తప్పనిసరి. వెబ్‌సైట్ చేసే వ్యక్తికి మన పాస్‌వర్డ్ ఇవ్వకుండా వేరే యూజర్‌గా యాక్సెస్ ఇవ్వొచ్చు. పని అయ్యాక ఆ యూజర్‌ని తీసేయొచ్చు. ఎవరినీ అనుమానించాల్సిన పనిలేదు, అతను రేపు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయినా ఇబ్బంది ఉండదు.

అడ్రస్ పక్కన తాళం గుర్తు ఇచ్చే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కి వేరుగా రెండు మూడు వేలు అడిగితే ఎందుకని అడగండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది, చాలా హోస్టింగ్ ప్యానెళ్లలో ఒక్క క్లిక్‌తో వస్తుంది. అది 90 రోజులే ఉంటుంది, దానంతట అదే రెన్యూ అవ్వాలి. డబ్బుతో కొన్న సర్టిఫికెట్లకి కూడా గడువు తగ్గించేస్తున్నారు.. 2026 మార్చి 15 నుంచి గరిష్ఠంగా 200 రోజులు, 2029 మార్చికి 47 రోజులు. చేత్తో రెన్యూ చేసే రోజులు పోతున్నాయి కాబట్టి ఆటో రెన్యువల్ లేని హోస్టింగ్ వద్దు.

మరి బొటిక్ సైట్ వెనక్కి వస్తుందా?

వచ్చే దారి ఉంది. ముందు ఐకాన్ లుకప్ పేజీలో సైట్ పేరు కొట్టాలి. డాట్ ఇన్ అయితే నిక్సీ రిజిస్ట్రీ పేజీలో. ఓనర్ పేరు దాచేసి ఉన్నా ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉంది, గడువు ఎప్పుడు, ఇప్పుడు స్టేటస్ ఏంటి.. ఈ మూడూ కనిపిస్తాయి. కుర్రాడు దొరికితే పని సులువు. డబ్బు కట్టించి, ఆథ్ కోడ్ తీసుకుని డొమైన్‌ని సొంత అకౌంట్‌కి మార్చుకోవాలి. దొరక్కపోతే రిజిస్ట్రార్‌కి జీఎస్టీ సర్టిఫికెట్, పాత బిల్లులు, షాపు లైసెన్స్ లాంటివి చూపించి అడగాలి. ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం వాళ్ల రికార్డుల మీద ఉంటుంది. బొటిక్ పేరుకి ట్రేడ్‌మార్క్ ఉంటే డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్‌పీ, డాట్ కామ్‌కి యూడీఆర్‌పీ అనే ఆర్బిట్రేషన్ దారులున్నాయి. అవి ఖర్చుతో, సమయంతో కూడిన పనులు.

డాట్ కామ్ అయితే టైమ్ కూడా చూసుకోవాలి. గడువు తీరాక రిజిస్ట్రార్‌ని బట్టి గరిష్ఠంగా 45 రోజుల వరకు మామూలు రేటుకే రెన్యూ చేసుకునే వీలు ఉండొచ్చు. ఆ లోపే పేరుని వేలానికి పెట్టే రిజిస్ట్రార్లూ ఉన్నారు. పేరు డిలీట్ అయ్యాక 30 రోజులు రిడెంప్షన్.. అప్పుడు రెన్యువల్‌తో పాటు భారీగా అదనపు ఫీజు కట్టాలి. అదీ దాటితే ఐదు రోజులు పెండింగ్ డిలీట్, ఆ ఐదు రోజుల్లో ఎవరూ ఏమీ చేయలేరు. ఆరో రోజు పేరు బజార్లోకి వస్తుంది, ముందు ఎవరు కొంటే వాళ్లది.